ఆవిడ తలుపు తట్టేది ఎవరు? పెద్ద వయసు ఆడవాళ్ళను విపత్తులకు సిద్ధం చేసే ప్రోగ్రాం ఎలా నడపాలి

1995 జనవరి 17న ఇంకా తెల్లవారకముందే జపాన్‌లో కోబే ప్రాంతాన్ని భూకంపం కుదిపేసింది. ఆరు వేల మందికి పైగా చనిపోయారు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళు ఎక్కువ పోయారు, వాళ్ళలోనూ వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువ. అదే భూకంపంలో, కేంద్రానికి బాగా దగ్గర్లో అవాజీ దీవి మీద ఉన్న హొకుదాన్ అనే చిన్న ఊళ్ళో, కూలిన ఇళ్ళ కింద ఇరుక్కున్న సుమారు 300 మందిని ఇరుగుపొరుగు వాళ్ళే బయటికి లాగారు. ఆ రోజు చీకటి పడకముందే ఊళ్ళో ప్రతి మనిషి లెక్కా తేలిపోయింది. కారణం చాలా చిన్నది. ఎవరింట్లో ఎవరు ఏ గదిలో పడుకుంటారో పక్కింటివాళ్ళకు తెలుసు, అందుకని ఎక్కడ తవ్వాలో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

మీ వీధిలోనో, మీ అపార్ట్‌మెంట్‌లోనో, మీ సంఘం తరఫునో పెద్ద వయసు ఆడవాళ్ళ కోసం ఇలాంటి ప్రోగ్రాం మొదలుపెట్టాలని ఉంటే నేను చెప్పే మొదటి మాట ఒకటే. బ్యాగులు, టార్చిలైట్లు, కరపత్రాలు తర్వాత. ముందు ఒక్కొక్క పెద్దావిడ పేరు ఎదురుగా ఆవిడ తలుపు తట్టే మనిషి పేరు రాసి ఉండాలి. ఆ పేరు లేకపోతే మిగతా ఏర్పాట్లు ఎన్ని ఉన్నా ఆ రాత్రి ఆవిడ దాకా చేరవు.

ఆడవాళ్ళ గురించి విడిగా ఎందుకు అని కొందరు అడుగుతారు, అడిగితే విసుక్కోకుండా చెప్పండి. ఆడవాళ్ళు మగవాళ్ళ కంటే ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి చివరి సంవత్సరాలు ఒంటరిగా గడిపేవాళ్ళలో వాళ్ళే ఎక్కువ. ఎముకలు గుల్లబారి ఉంటాయి, చిన్న జారుడుకే తుంటి విరుగుతుంది. మంచం పట్టిన భర్తను చూసుకునేది చాలాసార్లు ఆవిడే, ఆయన్ని వదిలి ఆవిడ కదలదు. ఫోను, డబ్బు, ఇంటి కాగితాలు ఇంకొకరి చేతిలో ఉంటాయి. 1991లో బంగ్లాదేశ్ తుఫాను లక్షకు పైగా ప్రాణాలు తీసిన తర్వాత కొన్ని ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి లెక్క తీసిన పరిశోధకులు ఏం చూశారంటే, 40 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళలో నూటికి 31 మంది చనిపోయారు. అదే లెక్కలో ఇంకో సంగతి కూడా తేలింది, ఇటుక లేదా కాంక్రీటు కట్టడం దాకా చేరుకున్న ప్రతి ఒక్కరూ బతికారు. అంటే ఆ కట్టడం దాకా వెళ్ళగలిగారా లేదా అన్నదే అసలు విషయం. ఈ ప్రోగ్రాం అంతా ఆ కొంచెం దూరం గురించే.

మొదట: చిన్న పరిధి, చేత్తో రాసిన లిస్ట్

ఊరంతా ఒకేసారి మీద వేసుకోవద్దు. కాలి నడకన పది నిమిషాల్లో ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్ళగలిగినంత ప్రాంతం తీసుకోండి, ముప్ఫై నలభై ఇళ్ళు చాలు. ఇద్దరిద్దరుగా వెళ్ళి తలుపు తట్టండి, ఇద్దరిలో ఒకరు తప్పకుండా ఆడవాళ్ళై ఉండాలి. ఆఫీసు రికార్డుల మీద మాత్రమే ఆధారపడకండి, కొడుకు దగ్గరికి ఆరు నెలలు, కూతురి దగ్గరికి ఆరు నెలలు తిరిగే మామ్మ ఏ రికార్డులోనూ సరిగ్గా దొరకదు. ఇంట్లో పనికి వచ్చేవాళ్ళు, మందుల షాపు అబ్బాయి, నర్సమ్మ, వీళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు, వాళ్ళను అడగండి.

లిస్ట్ విషయంలో ఒక జాగ్రత్త ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ పేర్లు, ఇంటి నంబర్లు, ఏ గదిలో పడుకుంటారు అన్న వివరాలు దొంగ చేతిలో పడితే ఏమవుతుందో ఊహించండి. కాబట్టి ప్రతి ఒక్కరి దగ్గరా అనుమతి తీసుకుని రాయండి, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, ఫొటో తీయనివ్వకండి. కాగితం మీద రెండే కాపీలు, అవి ఎవరి దగ్గర ఉన్నాయో ఆ పెద్దవాళ్ళందరికీ తెలియాలి. కరెంటు, నెట్‌వర్క్ పోయిన రోజున పనికొచ్చేది కూడా ఆ కాగితమే.

లిస్ట్ రాయగానే పని అయిపోయిందన్న తృప్తి వస్తుంది, అక్కడ ఆగిపోకండి. జపాన్‌లో 2013లోనే, తప్పించుకోవడానికి సాయం కావాల్సిన వాళ్ళ పట్టిక ప్రతి స్థానిక ప్రభుత్వమూ తయారు చేయాలని చట్టం చేశారు. ఆ తర్వాత వచ్చిన వరదల్లో కూడా ఎక్కువగా పెద్దవాళ్ళే పోవడం చూసి 2021లో మళ్ళీ చట్టం మార్చి, ఒక్కొక్క మనిషికీ విడిగా ఒక ప్లాన్ తయారు చేయడానికి ప్రయత్నించాలని స్థానిక ప్రభుత్వాలకు చెప్పారు. పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన ఎవరూ వచ్చి చెయ్యి పట్టుకోరు.

ఆవిడతో కూర్చోండి, ఫారం పక్కన పెట్టండి

ఇది అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు. ఒక్కో ఇంట్లో కనీసం గంట కూర్చోండి. వీలైతే కొడుకు, కోడలు, కూతురు పక్కన లేనప్పుడు మాట్లాడండి, వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళు ఉంటే సమాధానాలు వాళ్ళే చెప్పేస్తారు. ఆవిడకు కష్టంగా ఉన్న విషయాలు వాళ్ళ ముందు నోరు విప్పి చెప్పదు.

"మీకు ఏం సాయం కావాలి?" అని అడిగితే "నాకేం వద్దమ్మా, నా సంగతి వదిలెయ్, ముందు పిల్లల్ని చూసుకోండి" అంటారు. దాదాపు అందరూ అంటారు. అందుకని ప్రశ్న మార్చండి. రాత్రి రెండు గంటలకు ఇంట్లోకి నీళ్ళు వచ్చాయనుకోండి, మంచం మీంచి లేచి గుమ్మం దాకా ఎలా వెళ్తారో నాకు చూపించండి అని అడగండి. ఆవిడ లేచి చూపిస్తుంది. అప్పుడు మీకు కనిపిస్తాయి, కళ్ళజోడు ఎక్కడో షెల్ఫులో ఉంది, చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి, చేతికర్ర కిందపడితే వంగి తీసుకోలేదు, తలుపు గడియ పైన ఉంది, అది తీయడానికి స్టూలు ఎక్కుతుంది. ఈ నడక చూసిన ప్రతిసారీ నేను ముందు అనుకున్న ప్లాన్ మార్చుకోవాల్సి వచ్చింది.

తెలుసుకోవాల్సినవి ఇవి: ఏ గదిలో పడుకుంటారు, మెట్లు ఎన్ని, ఆగకుండా ఎంత దూరం నడవగలరు, ఏ మందు ఒక్కరోజు తప్పినా ప్రమాదం, వినికిడి మిషన్ రాత్రి తీసేస్తారా, ఆక్సిజన్ మిషన్ లాంటి కరెంటుతో నడిచే పరికరం ఉందా, ఫోను తనదేనా, దాన్ని సొంతంగా వాడగలరా.

ఆ తర్వాత అసలు ప్రశ్న. "అందరూ బయల్దేరమన్నా మీరు ఇల్లు వదలకుండా ఉండిపోయేలా చేసేది ఏంటి?" ఇది మెల్లగా అడగండి, సమాధానం వచ్చేదాకా ఆగండి. పెంచుకుంటున్న పిల్లి ఉండొచ్చు, మంచంలో ఉన్న భర్త ఉండొచ్చు, బీరువాలో ఉన్న నగ ఉండొచ్చు, ఇల్లు వదిలితే మళ్ళీ రానివ్వరన్న భయం ఉండొచ్చు. చాలామంది నోట చివరికి వచ్చేది బాత్రూం సంగతి. మూత్రం ఆపుకోలేని ఇబ్బంది ఉన్న ఆవిడ పదిమందిలో, తెలియని చోట, చీకట్లో ఆ అవమానం పడటం కంటే ఇంట్లోనే ఉండిపోవడం మేలు అనుకుంటుంది. అది మొండితనం అనుకోకండి. దానికి పరిష్కారం చూపించకుండా "ప్రాణం కంటే ఎక్కువా?" అని గదమాయిస్తే ఆవిడ మీతో మాట్లాడటం మానేస్తుంది, అంతే.

ఇంతకుముందు వచ్చిన విపత్తుల గురించి కూడా అడగండి, ఆవిడ చెప్పింది రాసుకోండి. ఎంత ఎత్తు నీళ్ళు వచ్చాయి, ఏ వైపు నుంచి వచ్చాయి, ఏ దారి ముందు మునిగింది. ఇండోనేషియాలో సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి చాలామందిని తీసుకుపోయింది. ఆ జ్ఞాపకాన్ని వాళ్ళు "స్మోంగ్" అనే ఒక్క మాటలో దాచుకుని, భూమి గట్టిగా కంపించి సముద్రం వెనక్కి పోతే కొండెక్కాలి అని తరతరాలుగా ఇళ్ళల్లో పిల్లలకు చెబుతూ వచ్చారు. 2004 డిసెంబరు 26న ఆ మాట వినపడగానే దీవంతా కొండెక్కింది. సుమారు 78,000 మంది జనాభాలో చనిపోయింది ఏడుగురు. మీరు సాయం చేయడానికి వెళ్ళిన పెద్దావిడ దగ్గర అలాంటి సమాచారం ఉండొచ్చు, దాన్ని మీ ప్లాన్‌లో వాడుకుంటే ఆవిడకూ ఈ ప్రోగ్రాం తనది అనిపిస్తుంది.

ప్రతి ఆవిడకూ ఇద్దరు

ఒక్కరు చాలరు. ఒక్కరే ఉంటే ఆ రోజు అతను ఊళ్ళో ఉండడు. ఇద్దరూ నడిచి వచ్చేంత దగ్గరలో ఉండాలి, ఒకరు పగలు ఇంట్లో ఉండేవాళ్ళు, ఇంకొకరు రాత్రి ఉండేవాళ్ళు అయితే మంచిది. ఆ ఇద్దరినీ ఆవిడే ఎంచుకోవాలి. మీకు బాగా నచ్చిన వాలంటీర్ ఆవిడకు నచ్చకపోవచ్చు, పాత గొడవలేవో ఉండొచ్చు, తెల్లవారుజామున తనను లేపి బట్టలు మార్చడంలో సాయం చేసే మనిషి ఎవరో నిర్ణయించుకునే హక్కు ఆవిడదే. దూరాన ఉన్న పిల్లల్లో ఒకరి నంబరు మూడోదిగా రాసుకోండి, వాళ్ళు రాలేకపోయినా సమాచారం చేరాలి కదా.

ఒక ఇద్దరి మీద ముగ్గురు పెద్దావిడల కంటే ఎక్కువ భారం పెట్టకండి. ఇంకో మాట, ఇది చెప్పడం కష్టమే అయినా చెప్పి తీరాలి. 2011 మార్చి 11న జపాన్‌లో సునామీ వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళను ఆపే గేట్లు మూయడానికి, జనాన్ని ఖాళీ చేయించడానికి, పెద్దవాళ్ళను తీసుకురావడానికి వెళ్ళిన వాలంటీర్ అగ్నిమాపక దళం వాళ్ళు 250 మందికి పైగా చనిపోయారు, ఇళ్ళ చుట్టూ తిరిగి బాగోగులు చూసే సంక్షేమ వాలంటీర్లు 50 మందికి పైగా పోయారు. అందుకని మీ ప్లాన్‌లో వెనక్కి తిరగాల్సిన టైం కూడా ఉండాలి. హెచ్చరిక వచ్చిన ఇన్ని నిమిషాల తర్వాత ఎవరూ లోతట్టు వైపు వెళ్ళకూడదు అని ముందే అందరూ కలిసి ఒప్పుకోండి. ఆ మాట పెద్దావిడలతో కూడా చెప్పండి. "నా కోసం వచ్చి మీకేమన్నా అయితే నేను బతకలేను" అంటారు వాళ్ళు, తొందరగా బయల్దేరడానికి ఒప్పుకునేది కూడా ఈ మాట విన్నాకే.

హెచ్చరిక ఆవిడ చెవిలో పడాలి, తొందరగా పడాలి

ఫోనుకు మెసేజ్ వచ్చింది కదా అనుకోకండి. వినికిడి మిషన్ తీసేసి పడుకున్న మనిషికి సైరన్ కూడా వినపడదు. ఆవిడకు ఏది పనిచేస్తుందో ముందే చూసుకోండి, గట్టిగా తలుపు కొట్టడమా, కాలింగ్ బెల్‌కు లైటు కలపడమా, తాళంచెవి పక్కింట్లో పెట్టడమా. తాళంచెవి ఇవ్వడానికి ఒప్పుకుంటే అంతకంటే మంచిది లేదు.

తెలిసిన గొంతు చెప్పిన మాటనే మనుషులు నమ్ముతారు. బంగ్లాదేశ్‌లో 1970 తుఫాను మూడు లక్షల మందికి పైగా బలి తీసుకున్న తర్వాత రెడ్ క్రెసెంట్ (అక్కడ రెడ్ క్రాస్‌కు ఉన్న పేరు), ప్రభుత్వం కలిసి నడిపిన తుఫాను సన్నద్ధత కార్యక్రమం ఈ ఒక్క సూత్రం మీదే నిలబడింది. ఊరివాళ్ళే వాలంటీర్లు, చేతిలో మెగాఫోను, జెండాలు, ఇల్లిల్లూ తిరగడం. ఇప్పుడు అందులో 70 వేలకు పైగా వాలంటీర్లున్నారు, సగం దాకా ఆడవాళ్ళే. ఆడవాళ్ళు వచ్చి పిలిస్తే లోపలి గదుల్లో ఉండిపోయే ఆడవాళ్ళు బయటికి వస్తారని వాళ్ళు అనుభవంతో నేర్చుకున్నారు.

ఎప్పుడు బయల్దేరాలో వెనక నుంచి లెక్క వేయండి. ఆవిడ లేచి, బాత్రూంకి వెళ్ళి, బట్టలు మార్చుకునేసరికి ఇరవై నిమిషాలు. మీరు ఎనిమిది నిమిషాల్లో నడిచే దూరం ఆవిడకు పాతిక నిమిషాలు. మీరు ఆవిడ ఇంటికి చేరడానికి పది. దాదాపు గంట అయిపోయింది, ఇంకా వాన మొదలుకాలేదనుకుంటేనే ఈ లెక్క. అందరూ ఖాళీ చేయాలని ఆర్డర్ వచ్చేదాకా ఆగితే ఆవిడకు ఆలస్యం అయిపోతుంది, మొదటి హెచ్చరిక రాగానే ఆవిడ కదలాలి. వేగంగా పారే నీళ్ళు 15 సెంటీమీటర్ల లోతు ఉంటే చాలు, బలంగా ఉన్న మనిషిని కూడా పడగొట్టొచ్చు, ఇక కర్ర పట్టుకున్న మనిషి సంగతి చెప్పాలా. నీళ్ళు వచ్చాక నడిపించడం అన్న ప్లాన్ పెట్టుకోనే వద్దు. అలా ముందే బయల్దేరి, తర్వాత విపత్తు రాకుండా పోయిందనుకోండి, "అనవసరంగా తిప్పారు" అనిపించకుండా ఆ రోజును ఒక మంచి ప్రాక్టీసుగా చెప్పండి.

బ్యాగ్, కానీ ఆవిడ ఎత్తగలిగేది

మామూలు సలహాల్లో మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్ళు, మూడు రోజులకు సరిపడా అంటారు. అది పన్నెండు కిలోల దాకా అవుతుంది. 78 ఏళ్ళ ఆవిడ భుజానికి పన్నెండు కిలోలు ఎలా? అందుకని నీళ్ళు రెండు రకాలుగా పెట్టండి, ఇంట్లో ఉండిపోవాల్సి వస్తే వాడుకోవడానికి చిన్న చిన్న సీసాల్లో, వెంట తీసుకెళ్ళడానికి అర లీటరు సీసా ఒకటే. మొత్తం బ్యాగ్ మూడు కిలోలు దాటకుండా చూడండి, దాన్ని ఆవిడ చేత ఎత్తించి చూడండి. భుజానికి తగిలించుకునేదే కావాలి, రెండు చేతులూ కర్రకో, వాకర్‌కో, మీ చేతికో ఖాళీగా ఉండాలి. టార్చ్ కూడా మెడలో వేసుకునేదైతే మంచిది.

లోపల ఏముండాలి అంటే ముందు మందులు, కనీసం వారానికి సరిపడా, వాటి చీటీ ఫొటోకాపీతో సహా. ఇన్సులిన్ వాడేవాళ్ళయితే, తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉండాలి, వాడుకలో ఉన్నవి చాలా రకాలు ఎండ తగలని చల్లటి చోట సుమారు నాలుగు వారాలు పనిచేస్తాయి, తన రకానికి ఎన్ని రోజులో డాక్టర్‌నో ఫార్మసిస్టునో అడిగి డబ్బా మీదే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పాత కళ్ళజోడు అయినా సరే ఒకటి అదనంగా. కట్టుడు పళ్ళ డబ్బా. వినికిడి మిషన్ బ్యాటరీలు. ప్యాడ్లు లేదా డైపర్లు, ఇవి ఆవిడ అడగదు, అడగకుండానే మీరు పెట్టండి, బయటికి కనిపించని కవర్‌లో పెట్టండి. ఒక జత బట్టలు, విజిల్, గుర్తింపు కాగితాల కాపీలు నీళ్ళు తగలని కవర్‌లో, కొంచెం డబ్బు చిల్లరగా, ఫోను నంబర్లు కాగితం మీద పెద్దగా.

బ్యాగ్ ఉండాల్సిన చోటు అటక కాదు, బీరువా కాదు. మంచం పక్కన, చేతికి అందేంత ఎత్తులో. పక్కనే గట్టి చెప్పులో బూట్లో, ఎందుకంటే భూకంపం తర్వాత నేలంతా గాజు పెంకులుంటాయి.

ఆక్సిజన్ మిషన్, డయాలసిస్ లాంటివి ఉన్నవాళ్ళకు ఇది చాలదు. కరెంటు సరఫరా చేసే ఆఫీసుతో, డయాలసిస్ సెంటర్‌తో ముందే మాట్లాడి, కరెంటు పోతే ఎక్కడికి వెళ్ళాలో రాతపూర్వకంగా తెచ్చుకోండి. వీళ్ళు అందరికంటే ముందు కదలాలి.

రిహార్సల్ చేయకపోతే ఇదంతా కాగితమే

మొదటి డ్రిల్ పగలు, ఎండ తక్కువగా ఉన్నప్పుడు పెట్టండి. గంభీరంగా ప్రకటనలు చేసి కంగారు పెట్టొద్దు, టెన్షన్ పడితే వాళ్ళు రెండోసారి రారు. ఆవిడ ఇంటి గుమ్మం నుంచి సురక్షిత స్థలం దాకా, ఆవిడ వాడే కర్రతో, ఆవిడ బ్యాగ్‌తో, ఆవిడ వేగంతో నడవండి. టైం రాసుకోండి. ఎక్కడ కూర్చోవాల్సి వచ్చిందో అక్కడ ఒక కుర్చీ లేదా బల్ల ఏర్పాటు చేయగలరేమో చూడండి. నేను పాల్గొన్న ఒక డ్రిల్‌లో మేమంతా దగ్గరి దారి అనుకున్న దాంట్లో రెయిలింగ్ లేని ఆరు మెట్లున్నాయి, మాకెవరికీ అవి ఎప్పుడూ మెట్లలా కనపడలేదు, మామ్మ వాటి ముందు ఆగిపోయి మా మొహాలు చూసింది. దారి మార్చాం. ఆ తర్వాత రాత్రి పూట ఒకసారి, లైట్లు లేకుండా చేయండి.

చెయ్యి పట్టుకుని లాగొద్దు. "మీరు నా మోచెయ్యి పట్టుకోండి" అని మీ చెయ్యి అందించండి, వేగం ఆవిడ నిర్ణయిస్తుంది. నడవలేనివాళ్ళను మెట్ల మీంచి గట్టి కుర్చీలో కూర్చోబెట్టి దించడం ఇద్దరు ముగ్గురు కలిసి ముందుగానే, అగ్నిమాపక సిబ్బంది లేదా రెడ్ క్రాస్ శిక్షకుల దగ్గర నేర్చుకోండి, సొంత ప్రయోగాలు వద్దు.

భూకంపానికి అందరికీ చెప్పే పద్ధతి కింద కూర్చుని, బల్ల కింద దూరి, గట్టిగా పట్టుకోవడం. మోకాళ్ళు వంగని మనిషికి అది కుదరదు, కింద కూర్చుంటే లేవలేరు. వాళ్ళకు ఇలా నేర్పండి: మంచం మీద ఉంటే అక్కడే బోర్లా తిరిగి దిండుతో తల, మెడ కప్పుకోవాలి. కుర్చీలో ఉంటే ముందుకు వంగి రెండు చేతులతో తల, మెడ కాపాడుకోవాలి. చక్రాల కుర్చీ అయితే ముందు బ్రేకు వేసి, తర్వాత వంగాలి. కంపిస్తున్నప్పుడు పరిగెత్తకూడదు, పడిపోయేది అప్పుడే. సముద్రం దగ్గర ఉండేవాళ్ళయితే కంపనం ఆగగానే, ఏ ప్రకటనా రాకముందే ఎత్తు వైపు బయల్దేరాలి, మొదటి అల వెనక్కి పోయిందని ఇంటికి తిరిగి రాకూడదు, తర్వాతి అల ఇంకా పెద్దది కావచ్చు.

వడగాడ్పును మరిచిపోకండి

దీనికి శబ్దం ఉండదు, ఇల్లు కూలదు, అందుకే దీన్ని విపత్తుగా ఎవరూ చూడరు. 1995 జులైలో షికాగోలో కొద్ది రోజుల వేడికి 700 మందికి పైగా చనిపోయారు, ఒంటరిగా ఉండేవాళ్ళు, తలుపులు కిటికీలు మూసుకుని లోపలే ఉండిపోయినవాళ్ళు ఎక్కువ. 2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది, అత్యధికులు 75 దాటినవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ.

వయసు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది, చెమట సరిగ్గా పట్టదు, బీపీ కోసం వాడే కొన్ని మందులు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. కాబట్టి "దాహమేస్తే తాగండి" అన్న సలహా పెద్దవాళ్ళకు పనికిరాదు, గంటకోసారి కొంచెం కొంచెం తాగమని చెప్పండి. గుండె, కిడ్నీ జబ్బు ఉండి నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళకు మాత్రం ఎంత అన్నది డాక్టర్ చెప్పాలి, అది వేసవికి ముందే అడిగి పెట్టుకోండి. గాలి ఒంటి వేడి కంటే వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను వేడి గాలినే మీద కొడుతుంది, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం, చల్లటి చోటుకు కొన్ని గంటలు మార్చడం మేలు.

ఇక్కడ మీ జంట వాలంటీర్ల పని చాలా సులువు. వేడి హెచ్చరిక ఉన్న ప్రతిరోజూ రెండుసార్లు వెళ్ళి చూడటం, ఒకటి సాయంత్రం తప్పనిసరి. ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అంటే సరిపోదు, మనిషిని చూడాలి. మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది ఎమర్జెన్సీ, అంబులెన్సు పిలిచి, అది వచ్చేలోపు నీళ్ళతో ఒళ్ళు తడుపుతూ విసనకర్రతో విసరండి.

ఆశ్రయ కేంద్రాన్ని ముందే ఆవిడ కళ్ళతో చూడండి

మీ ప్రాంతానికి కేటాయించిన కేంద్రానికి ఇద్దరు ముగ్గురు పెద్దావిడలను వెంటబెట్టుకుని ఒక సాయంత్రం వెళ్ళండి. బాత్రూం ఎంత దూరం, దారిలో లైటు ఉందా, కూర్చుని లేచేందుకు పట్టుకునే కడ్డీ ఉందా, లోపల గడియ పడుతుందా. మానవతా సాయానికి ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాల్లో ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, మగవాళ్ళకు ఒకటి ఉంటే ఆడవాళ్ళకు మూడు ఉండాలని ఉంది. అధికారులతో మాట్లాడేటప్పుడు ఈ లెక్క చేతిలో పెట్టుకోండి.

బాత్రూం గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, వెళ్ళడానికి ఇబ్బంది అయితే ఆవిడ నీళ్ళు తాగడం మానేస్తుంది. నీళ్ళు తగ్గి, కదలకుండా కూర్చుంటే కాళ్ళల్లో రక్తం గడ్డకడుతుంది. 2004లో జపాన్‌లో నీగాతా భూకంపం తర్వాత కేంద్రాలకు పోకుండా కార్లలోనే రాత్రులు గడిపినవాళ్ళలో కొందరు ఇలా గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయారు, వాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 2016 కుమమోతో భూకంపంలో నేరుగా చనిపోయినవాళ్ళు 50 మంది అయితే, ఆ తర్వాతి నెలల్లో అలసట, జబ్బులు, ఇరుకు బతుకుల వల్ల పోయినవాళ్ళు 200 దాటారు, ఎక్కువమంది పెద్దవాళ్ళే. కేంద్రానికి చేరడంతో పని సగమే అయినట్టు.

కాబట్టి అడగాల్సినవి గట్టిగా అడగండి. నేల మీద పడకలు కాకుండా ఎత్తు మంచాలు (జపాన్‌లో అట్టపెట్టెలతో కూడా చేశారు, గట్టిగానే ఉంటాయి), బట్టలు మార్చుకోవడానికి తెర, బాత్రూంకి దగ్గర్లో పెద్దావిడలకు చోటు, నమలడానికి మెత్తగా ఉండే భోజనం, రాత్రి పూట ఒక మహిళా వాలంటీర్ మెలకువగా ఉండటం. రెండు గంటలకోసారి లేపి నాలుగడుగులు నడిపించడం కూడా ఆ వాలంటీర్ పనే.

తిరిగి ఇంటికి వెళ్ళాక

వాలంటీర్లు అలసిపోయి ఇళ్ళకు వెళ్ళేది, ఆవిడకు నిజంగా మనిషి కావాల్సింది ఇదే సమయంలో. ఇల్లు ఆరిందా, కరెంటు వైర్లు తడిసి ఉన్నాయా చూడకుండా ఆవిడను లోపలికి పంపొద్దు. కరెంటు లేదని జనరేటర్ గానీ బొగ్గుల కుంపటి గానీ ఇంట్లో పెట్టనివ్వొద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పరిహారం ఫారాలు నింపేటప్పుడు పక్కన కూర్చోండి, సంతకం పెట్టే ముందు ప్రతి కాగితమూ చదివి వినిపించండి, ఇలాంటి రోజుల్లోనే మోసగాళ్ళు ఇళ్ళకు వస్తారు. బాగా ఉన్న మనిషి ఉన్నట్టుండి తేదీ, చోటు గుర్తుపట్టకపోతే వయసు అని వదిలేయకండి, నీళ్ళు తగ్గడమో, ఇన్‌ఫెక్షనో, మందు తప్పిపోవడమో అయి ఉండొచ్చు, డాక్టర్‌కు చూపించండి. మొదటి రెండు నెలలు వారానికి ఒకసారి ఆ జంటలో ఒకరు వెళ్ళి అరగంట కూర్చోవాలని ముందే ఒప్పుకుని పెట్టుకోండి.

ఏడాది తర్వాత కూడా నడవాలంటే

మూడు నెలలకోసారి ఒక రోజు. ఆ రోజు బ్యాగులు తెరిచి మందుల తేదీలు చూడటం, బ్యాటరీలు మార్చడం, నీళ్ళ సీసాలు మార్చడం, లిస్ట్ సరిచేయడం. ఈ పనిని పెద్దావిడలకే అప్పగించండి. నడవలేని ఆవిడ కూడా మంచం మీంచి పదిమందికి ఫోను చేసి "అమ్మాయ్, మందుల తేదీ చూసుకున్నావా?" అని అడగగలదు. హెచ్చరిక వచ్చిన రాత్రి కూడా ఫోన్లు చేసే బాధ్యత ఆవిడకే ఇవ్వొచ్చు, మనకంటే ఓపిగ్గా, వరస తప్పకుండా చేస్తుంది.

లిస్ట్ సరిచేసేటప్పుడు పెద్దావిడల పేర్ల కంటే ముందు వాలంటీర్ల పేర్లు చూడండి. అద్దె ఇల్లు మారేది, ఉద్యోగానికి ఊరు వదిలేది, పురిటికి వెళ్ళేది వాళ్ళే. ఎవరైనా వెళ్ళిపోతున్నామని చెప్పిన రోజే, వాళ్ళు సామాను సర్దుకోకముందే, కొత్త మనిషిని వెంటబెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళి పరిచయం చేయాలి. తాళంచెవి ఆ గుమ్మంలోనే, ఆవిడ కళ్ళ ముందు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారాలి.